చెయ్యిచ్చినవాడు

అంబత్తూరు ప్రెస్ షాపులో
కుడి చెయ్యి పోయిన రోజు
“అదృష్టం చెయ్యిచ్చిందిరా” అన్నాడు మేస్త్రి ఏకాంబరం.
ఇప్పుడు నిజంగానే ఒకడు చెయ్యిచ్చాడు.
పేరు చెప్పరు.
గోళ్ళు కొరికే అలవాటని మాత్రం
కట్టు విప్పిన రోజే తెలిసింది.

నా నెత్తురికి కొత్తవాళ్ళంటే గిట్టదు.
మూడో నెలలో, కుట్టు దాటగానే, ఎర్రటి దద్దుర్లు.
మాత్రలు ఒక్క చేతి కోసం బయల్దేరి
ఒళ్ళంతా తిరుగుతాయి,
దారిలో కిడ్నీల మీద చెయ్యి చేసుకుని మరీ వస్తాయి.

డాక్టర్ కనకవల్లి సూదితో
ఆ చర్మం కిందే కాస్త జెల్ దాచింది,
చల్లారిన గంజి మీది తెట్టులాంటిది.
“గొడవ మొదలైతే తప్ప కరగదు,
కరిగినా ఆ వీధి దాటదు” అంది తమిళంలో.
నేను తెలుగులో నమ్మాను.

గంగాభవాని ఇంకా
నా ఎడమ చెయ్యే పట్టుకుని రోడ్డు దాటుతుంది.
వాడి గోళ్ళు పెరిగాయి.
శుక్రవారమని కూడా చూడకుండా కత్తిరించాను.

పదకొండో నెల. కీల్పాక్‌లో టీకొట్టు.
అలవాటుగా కుడిచెయ్యి చాచాను.
చుర్రుమంది!
ఎవరికి కాలిందో గానీ
గ్లాసు మాత్రం
కింద పడలేదు.