తీయని చెయ్యి

జూలై చలి. మొఖొత్లాంగ్ ఆసుపత్రి రేకుల కప్పు మీద
మంచు చప్పుడు చెయ్యకుండా పేరుకుంటోంది.
ఉమ్మనీరు పోయింది.
వెనకే, బిడ్డ కంటే ముందు,
బొడ్డుతాడు జారి బయటికొచ్చింది.

నాకేం తెలుసు.
తొడల మధ్య వెచ్చగా
తడిసిన ఉన్నితాడేదో తగిలిందనుకున్నాను.
సిస్టర్ మ్పొలోకెంగ్ మొహం మారలేదు,
గొంతు మాత్రం ఒక మెట్టు దిగింది.
“లింఫో, తాడు తల కింద నలుగుతోంది.
చెయ్యి లోపల పెట్టి తలని ఎత్తి పట్టుకోవాలి.
నొప్పెడుతుంది. పెట్టనా?”

పెట్టనా, అంది.
తొలికాన్పులో, ఇంకో ఊళ్ళో, ఇంకో గదిలో
నన్నెవరూ ఏదీ అడగలేదు.
అరిస్తే తొడ మీద చరిచారు.
ఎనిమిదేళ్ళయింది. ఆ చరుపు ఇంకా దిగలేదు.
ఊఁ, అన్నాను.

ఇక ఆ చెయ్యి తియ్యలేదు.

డాక్టర్ కబసేలే క్వార్టర్స్ నించి రావాలి.
జీపు స్టార్ట్ కాలేదట, మంచులో నడిచొస్తున్నాడట.
జనరేటర్ దగ్గి, ఆగి, మళ్ళీ దగ్గింది.
నన్ను మోకాళ్ళ మీద వంచారు,
తల దిండులో, నడుము గాలిలో.
సిగ్గుతో చచ్చే భంగిమ.
తన సొంత దుప్పటి, మొక్కజొన్న కంకుల బొమ్మలున్నది,
తెప్పించి నా మీద కప్పించింది.
ట్రాలీ కదిలితే తనూ ఎక్కింది,
నా వెనక మోకరిల్లి,
వరండా పొడుగునా.

చెయ్యి తిమ్మిరెక్కుతోందని చెప్పలేదు.
బఠాణీల సంగతి చెప్పింది.
పెరట్లో మొలకల్ని పక్కింటి గాడిద మేసేసిందని,
గాడిదకి సిగ్గు లేదని,
దాని యజమానికి అసలే లేదని.
మధ్యలో ఆగేది.
వేలి కొసకి తాడు కొట్టుకోవడం తగిలేది.
“ఉంది,” అనేది.
మళ్ళీ గాడిద.
“ఉంది.”
ఒక్కో ‘ఉంది’ మీదా కాలు మోపుతూ
ఏరు దాటుతున్నాను.

ఒకసారి ఎంతసేపటికీ అనలేదు.
గాడిద కూడా ఆగిపోయింది.
గోడకి పెచ్చులూడిన పచ్చరంగు
నాకిప్పటికీ గుర్తు.
తరవాత, “ఉంది.”

మత్తులోకి జారే ముందు
నాకు తెలిసిన చివరి సంగతి ఆ చెయ్యే.
మిగతాది నేల తుడిచే మాతెబొహో చెప్పింది.
ఆకుపచ్చ గుడ్డల కింద, బల్ల పక్కన ఒంగి,
పైనించి డాక్టరు అందుకునేదాకా
కిందినించి ఆమె ఎత్తే ఉంచిందట.
ఒక తలకి మూడు చేతులు.
బిడ్డ వెంటనే ఏడవలేదట.
ఎంతసేపు, అంటే
మాతెబొహో చీపురుకట్ట చేతులు మార్చుకుంది, చెప్పలేదు.
తరవాత పిల్లికూనంత గొంతు.

తెల్లారి మొలిసే గుర్రం మీద వచ్చాడు.
ఆడపిల్ల పుడితే
తండ్రి నెత్తిన నీళ్ళు గుమ్మరించడం మా ఆచారం.
బయట కుళాయి గడ్డకట్టింది.
వార్డులో ఆడవాళ్ళు వెతికి వెతికి
ఎవరో తాగి వదిలేసిన చల్లారిన టీ పోశారు.
గడ్డం మీదుగా కారింది టీయో, ఇంకేమైనానో,
అడగలేదు.

డ్యూటీ దిగే ముందు సిస్టర్ వచ్చి మంచం అంచున కూచుంది.
కుడిచెయ్యి ఇంకా సగం ముడుచుకునే ఉంది,
లేని తలనేదో పట్టుకున్నట్టు.
జొన్నగంజి కప్పు అందుకోబోతే
వణికి, వేళ్ళ మీద ఒలికింది.
“పట్టనా?” అన్నాను.
తలూపింది.
కుట్లు లాగుతున్నా కొంచెం లేచి
ఆమె పెదాల దాకా కప్పు ఎత్తాను.
అయ్యేదాకా దించలేదు.