నాలుగో పేరు

ఎస్పీ రోడ్డులో పాత కంప్యూటర్ కొన్నాం
ముగ్గురం, తలా రెండు వేల మూడొందలు వేసుకుని.
ఆటోలో నా ఒళ్ళో మానిటర్,
మాబున్నీ కాళ్ళ మధ్య సీపీయూ.
కీబోర్డు తడవకుండా హేమావతి
తన చున్నీ కప్పి, తాను తడిసింది.

మురుగేశ్‌పాళ్యలో మా గది పది బై పన్నెండు.
ఒకే అద్దం, ఒకే కుక్కర్,
ఎవరి చెప్పులైనా ఎవరికైనా సరిపోయే కాళ్ళు.
నిద్రలో మాబున్నీ ఎవరితో తగువాడుతుందో మాకు తెలుసు.
హేమావతి చీటీ ఎన్ని నెలలు బాకీ పడిందో తెలుసు.
నా పుట్టుమచ్చ ఎక్కడుందో వాళ్ళిద్దరికీ తెలుసు.

అట్లాంటి గదిలో కూర్చుని
ముగ్గురికీ మూడు ఖాతాలు తెరిచాను.
"మన మధ్య కూడా తాళాలేందే!" అని నవ్వింది మాబున్నీ.
తన వంతు వచ్చేసరికి
నవ్వు ఆపకుండానే "అటు తిరుగు" అంది.
తిరిగాను.
గోడకు లేచిన సున్నం పెచ్చు చూస్తూ
పదకొండు టకటకలు విన్నాను.
లెక్కపెట్టకుండా ఉండాల్సింది.

ఆన్ చేస్తే తెర మీద నాలుగు పేర్లు.
మావి మూడు. నాలుగోది వనజాక్షి.
ఎవరో.
మా కంటే ముందు ఈ మీటల్ని అరగదీసిన మనిషి.
ఎన్ అక్షరం సగం చెరిగింది ఆమె వేలికిందే.
"ఫార్మాట్ కొట్టిస్తే పోతుంది, మూడొందలు" అన్నాడు అమ్మినవాడు.
ఆ మూడొందలూ నీళ్ళ క్యాన్లకు పోయాయి,
ఆమె ఉండిపోయింది.

మన భాషలో తాళానికి చెవి ఉంటుంది.
ఇనుపముక్కను పట్టుకుని చెవి అనడమేమిటో
చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు.
ఇప్పుడు ఇనుము పోయింది, చెవి మిగిలింది.
దగ్గరికి వచ్చి దానికొక మాట చెప్పాలి,
పక్కనున్నవాళ్ళకు వినపడకుండా.

ఒక ఆదివారం హేమావతి వాళ్ళన్న ఓబుళేశు వచ్చాడు,
హిందూపురం బస్సు దిగి నేరుగా,
షూ కూడా విప్పకుండా.
"రాత్రిళ్ళు దాంట్లో ఏం రాస్తావుంటావో చూడాల. తెరువు."
హేమావతి కూర్చుంది. కొట్టింది. తప్పు.
మళ్ళీ కొట్టింది. తప్పు.
"గుర్తుకు రాలేదన్నా."
అయిదోసారికి
కంప్యూటర్ అతన్ని గడప బయట నిలబెట్టి
అరగంట ఆగి రమ్మంది.
మంచం అంచున కూర్చున్నాడు.
మాబున్నీ ఇచ్చిన టీ మీద మీగడ కట్టింది.
బస్సు అయిదున్నరకి.
ఇంకా ఏడు నిమిషాలుండగానే లేచిపోయాడు.

తర్వాత హేమావతి
కీబోర్డు వైపు చూడకుండా, ఒక్క చేత్తో, ఒకే ఊపులో
మాట చెప్పి లోపలికెళ్ళింది.
మేమిద్దరం, ఎవరూ చెప్పకుండానే,
గోడ వైపు తిరిగాం.

ఈ పెట్టెకు పెద్దదిక్కును నేనే, అడ్మినిస్ట్రేటర్ని.
వనజాక్షి మాట చెరిపేసి నా మాట పెట్టొచ్చు.
ఎట్లాగో మా ఆఫీసులో పిల్లాడొకడు చూపించాడు.
ఒక రాత్రి అక్కడిదాకా పోయాను.
హెచ్‌ఏఎల్ వైపు ఏదో విమానం దిగుతోంది,
గిన్నెలు సన్నగా వణుకుతున్నాయి.
"పాత పాస్‌వర్డ్ పోతుంది, సరేనా?" అంది తెర.
ఫొటోలా? పద్దులా? పంపని ఉత్తరమా?
ఏమీ లేకపోవచ్చు కూడా.
ఖాళీ గదికీ తాళం వేసుకుంటారు మనుషులు.
నిద్రలో మాబున్నీ "వద్దులే" అంది, ఎవరితోనో.
కాదు అని నొక్కాను.

అప్పట్నుంచీ నలుగురం ఉంటున్నాం.
పాటలకు చోటు చాలనప్పుడల్లా
"మీ వనజాక్షి అద్దె కట్టదు" అని మాబున్నీ సణుగుతుంది.

నిన్న ఆమెకు చెప్పేశాను,
పదకొండని నాకు తెలుసని.
కాసేపు మాట్లాడలేదు.
తర్వాత "అటు తిరుగు" అని,
ఖాళీ మిక్సీ ఆన్ చేసి,
ఆ రొదలో
కొత్తది కొట్టుకుంది.