దోసా?

బస్సు కురోయిషి దాటేసరికి
కిటికీ అద్దం మీద మంచు పూత.
వెనింగ్ చెవుల్లో మాత్రం యోకొహామా.
అక్కడెవరో ఒక పంతులమ్మ
గొంతు ఇస్త్రీ చేసుకుని వచ్చి
నూట పన్నెండో భాగం మొదలుపెడుతుంది.
"ఎక్కడికి వెళుతున్నారు?
ఇప్పుడు మీరు చెప్పండి."
ఆ తర్వాత మూడు సెకన్ల ఖాళీ.

ఆ ఖాళీలోనే వెనింగ్ రెండేళ్లు బతికింది.
పుర్బలింగలో, దొంగ కనురెప్పలు అల్లే కార్ఖానాలో
వెంట్రుక వెంట్రుకకీ ముడి వేస్తూ
పెదాలు కదపకుండా జవాబు చెప్పేది.
సూపర్వైజరు వస్తే దాన్ని ఆవలింతగా మార్చేది.
ముడికో క్రియ.
ఎవరి కళ్లకో రెప్పలు మొలిచేలోగా
ఈమెకి భూతకాలం వచ్చేసింది.
వేగం ముప్పావుకి తగ్గించి వినేది.
ముప్పావు వేగంలో జపాన్ వాళ్లందరూ
కాస్త తాగినట్టు, కాస్త దయగా మాట్లాడేవారు.

ఇక్కడికొచ్చాక తెలిసింది
మనుషులకి ఆ మీట ఉండదని.

వృద్ధాశ్రమం, రెండో అంతస్తు, ఏడో గది.
కినె అవ్వ. తొంభై నాలుగేళ్లు.
ఆపిల్ తోటలో డెబ్బై చలికాలాలు కొమ్మలు కత్తిరించిన కుడి చెయ్యి
ఇంకా కత్తెర పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంటుంది.
మొదటి రోజు, భుజాన తువ్వాలు వేసుకుని
వెనింగ్ చక్రాల కుర్చీ తోస్తుంటే
అవ్వ మెడ తిప్పి అడిగింది:
"దోసా?"

మన దోసె కాదు.
వెనింగ్ భాషలో దోసా అంటే పాపం.
మన దోషమే, ఏనాడో ఓడెక్కి పోయి
అక్కడ కాపురం పెట్టింది.
పాపమా? ఏం పాపం?
లిఫ్టు వచ్చేలోగా తలలో లెక్క మొదలైంది.
రెండుసార్లు తప్పిన తెల్లవారుజాము నమాజు.
ఏం మాంసమో అడక్కుండా తాగిన సూపు.
డ్యూటీలో, జుట్టు కింద, ఒక చెవిలో యోకొహామా.
చెల్లెలికి ఇస్తానని ఇవ్వని ఆకుపచ్చ చెప్పులు.
నూట పన్నెండు భాగాల్లో ఎక్కడా
పంతులమ్మ పాపం ఊసెత్తలేదు.

"క్షమించండి, ఇంకొక్కసారి చెబుతారా?" అంది,
పద్దెనిమిదో భాగంలోని వాక్యం, ఒక్క ముడి ఊడకుండా.
అవ్వ నవ్వింది.
టీవీలా మాట్లాడతావేమే అని కాబోలు ఏదో అంది.
ఆ ముక్కా అర్థం కాలేదు.

నర్సు మికామి విప్పి చెప్పింది.
దో అంటే ఎక్కడ. సా అంటే కి. అంతే.
ఎక్కడికే పిల్లా అని.
జవాబు, యుసా. వేణ్ణీళ్లకి.
ఈ చలిలో నోరు ఎక్కువ తెరవరట.
"కె" అంటే తిను.
"కు" అంటే తింటా.
రెండక్షరాల్లో భోజనం అయిపోతుంది.

వెనింగ్‌కి నవ్వొచ్చింది. ఆనక, ఎందుకో, కోపం వచ్చింది.
యోగ్యకర్త హాస్టల్లో తన యాసకి నవ్విన పిల్లలు గుర్తొచ్చారు.
మాట చివర 'క' ని అంత గట్టిగా కొడతావేం, బాతులా, అని.
ఆ ఏడంతా ఆమె
'క' తో ముగిసే మాటల్ని మింగేసి బతికింది.
ఇక్కడ ఈ ముసలావిడ
ఒక్క అక్షరమూ మింగలేదు.

మరుసటి వారం ఫోన్లో కొత్త ఫోల్డరు తెరిచింది.
అవ్వని అడిగే, అవ్వ కొడుకు చేత సంతకం పెట్టించే.
మొదటి భాగం నలభై సెకన్లు.
చాకు పళ్లేనికి తగిలిన చప్పుడు,
పక్క గదిలో సూమో పోటీ,
ఎవరిదో దగ్గు.
ఆపిల్ ముక్క చాపి అవ్వ అంటుంది, "కె."
తర్వాత ఖాళీ.
మూడు సెకన్లు కాదు, పదకొండు.
అవ్వ నిజంగానే ఎదురుచూస్తోంది.
"కు" అంటుంది చివరికి ఒక పరాయి గొంతు,
'క' ని గట్టిగా, బాతులా.

ఈ రోజు బస్సులో మళ్లీ నూట పన్నెండు.
"ఎక్కడికి వెళుతున్నారు?
ఇప్పుడు మీరు చెప్పండి."
"యుసా" అంది వెనింగ్, పైకే.
"చాలా బాగా చెప్పారు!" అంది పంతులమ్మ,
ఎవరేం చెప్పినా ఎప్పుడూ అన్నట్టే.

ముందు సీట్లో, ముల్లంగి సంచీ ఒళ్లో పెట్టుకున్న పెద్దాయన
వెనక్కి తిరిగాడు.
తేరిపార చూసి,
ఈ ఊళ్లో నోరు తెరవరని ఎవరన్నారో గానీ,
చాలా పొడవైన ప్రశ్న ఏదో అడిగాడు.

ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.
వెనింగ్ యోకొహామాని తీసి జేబులో పెట్టుకుని
ముందుకి వంగింది.