వెనకద్దం

"కోసేముందు కట్టాల" అంది కాసీంబీ.
నాకర్థం కాలేదు.
సుద్దముక్కతో ఈ తలుపు స్తంభం నుంచి
ఆ తలుపు స్తంభం దాకా గీత గీసి,
అడ్డంగా ఇనప కడ్డీ పెట్టి
రెండు చివర్లా చుక్క వెల్డింగు కొట్టింది.
"టాపు తీసేస్తే నడుం జారుతాది మామా,
తలుపులు మళ్లా మూసుకోవు."

ఆదోని ఐటీఐలో నేర్చుకొచ్చిన మాట.
మా అక్క కూతురు. పద్దెనిమిది నిండి నాలుగు నెల్లు.

పదహారేండ్లాయె ఈ బండి మాకొచ్చి.
పత్తికొండ, ఆస్పరి, ఆదోని.
పదిమందికి చేసిన దాంట్లో పంతొమ్మిది మంది,
వెనక తలుపు పట్టుకోని ఇద్దరు,
టాపు మీద ఉల్లిగడ్డ మూటలు, ఒగ మేకపిల్ల.
ఆటోలొచ్చినాయి. ఒక్కొక్కరే దిగిపోయినారు,
ఎవురూ చెప్పి దిగలేదు.
ఇప్పుడు తొందరంతా టమాటాది.
బాక్సులు జరగమంటే జరుగుతాయి,
చిల్లర లేదనవు.

త్రీఫేజు కరెంటు రాత్రి పదకొండుకొస్తాది.
నీళ్లు కట్టేటోళ్లు చేన్లకు పోతారు,
మేము బండి కాడికి.
డీజిలు ట్యాంకు మీద తడిగోనెలు నాలుగు,
బ్యాటరీ విప్పి గాదె పక్కన.
గ్రైండరు అరిచిందో లేదో
ఈదిలో కుక్కలన్నీ ఒకటే గొంతు.
సుంకన్న గోడ మీంచి తల పెట్టి
"ఏమప్పా దస్తగిరీ, బండికి గుండు గీపిస్తాండావు,
మొక్కుండెనా?" అన్న్యాడు.
నేను నవ్వలేదు. రవ్వలు నా పాదాల మీద రాలతాండాయి.

నలుగురం పట్టి దించితే
అంత టాపూ తేలిగ్గానే ఉండాది.
లోపలి గుడ్డ నిండా తలనూనె మరకలు.
గుంత వచ్చినప్పుడల్లా పైకి తగిలిన నెత్తులు,
పొడుగోళ్లు యాడ కూచుండేదీ తెలుస్తాంది.
సీటు కింద వక్కాకు సంచి,
ఎవురికియ్యాల్నో తెలీని ఐదు రూపాయల బిళ్ల,
ఒంటికాలి పట్టీ, వేలెడంత.
"నాదే అయ్యుంటాది" అని
సుద్దముక్కల జేబులో ఏసుకుంది కాసీంబీ.
కాదనేదానికి నా దగ్గర సాక్ష్యం లేదు.

చాసిసు ముట్టుకోలేదు.
నాలుగు చక్రాల గేరు కూడా.
చిన్న కడ్డీ, పైన గుండు అరిగి చింతగింజ మాదిరుండాది.
వంక పారిన రోజు తప్ప దాని పేరెత్తేటోళ్లం కాదు.

వెనక తలుపు నీళ్లు పోసుకునే దడికి పెట్టినాము.
మా ఇంట్లో ఆడోళ్లు లోపలుంటే
బయట "హారన్ కొట్టండి" అనుంటాది.
టాపు మేకలకు.
తలుపులో అద్దం మాత్రం తీసి ముందుకు తెచ్చినాము.
రబ్బరు గాడిలో దారం చుట్టి, సబ్బునీళ్లు రాసి,
ఆమె బయట నుంచి అదిమితే
నేను లోపల దారం లాగినా.
టక్కని కూచుంది, నా మెడ వెనక.

తొట్టి ఎడమ పక్క రెండేళ్లు పొట్టి.
కొలత తప్పింది నేనే. ఆమె ఏమీ అనలేదు,
ఆ సందులో రేకుముక్క అతికి రంగు పూసింది.
కర్నూలు ఆఫీసులో కాగితాలింకా తిరుగుతానే ఉండాయి.

మొదటి లోడు నలభై రెండు బాక్సులు.
పత్తికొండ మండీకి పోతా పోతా
అలవాటు కొద్దీ లోపలద్దంలో తలకాయలు లెక్కబెట్టినా.
ఎర్రగా, ఒకదాని మీద ఒకటి.
పాడుబడ్డ రేటు ఆ పొద్దు. తక్కెడోనితో కొట్లాడింది
కాసీంబీనే, నేను టీ తాగినా.

ఖాళీగా వస్తాంటే బండి వెనక ఎగురుతాది,
బరువు మరిచిపోయినట్టు.
ఆస్పరి రోడ్డు మలుపులో ఒగ ముసిలామె చెయ్యెత్తింది.
కాలు బ్రేకు మీదికి దానంతటదే పోయింది.
ఆమె నా మొగం చూడలేదు,
మూట సంకన పెట్టుకోని నేరుగా వెనక్కు పోయి
తలుపు కోసం గాల్లో తడుముకుంటా నిలబడింది.