తరుగు

మార్చి ముప్పై ఒకటి. ఆదోని.
టెలిఫోన్ ఎక్స్ఛేంజి వెనక రేకుల గోడౌను.
ఉరుకుందప్ప తాళం తీసి, ముందు తాను పోయి,
తేళ్లున్నాయేమో కాలితో తట్టి చూసి
"రాండి మేడం" అన్నాడు.

నా చేతిలో చిట్టా.
ముందొచ్చిన సరుకు ముందు పోవాలని అందులో నియమం.
ఆ లెక్కన తొంభై ఎనిమిదిలో కొన్న రాగి కేబులు
ఎప్పుడో ఖర్చయిపోయింది.
ఇక్కడ చూస్తే వెనక గోడకు ఆనుకొని నిలబడే ఉంది,
చెక్క డ్రమ్ము నడుమ కందిరీగలు మట్టిగూడు కట్టుకున్నాయి.
"వాకిలి కాడ ఉండేదే గదా చేతికి ముందు దొరికేది!"
రేటు తేడా నలభై ఒక్క వేలు.
పెన్సిలుతో చుక్క పెట్టి ముందుకు జరిగాను.

ఎర్ర ఫోన్లు, నాలుగు వందల పన్నెండు,
అట్టపెట్టెలు విప్పనివి.
కొన్న ధర, అమ్మితే వచ్చే ధర,
రెండింట్లో ఏది తక్కువైతే అది రాయాలి.
ఒక రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకున్నాను.
ప్లాస్టిక్ వాసన, ఇంకా కొత్తది.
సున్నా రాశాను.

జనరేటరు ఆయుష్షు తొమ్మిదేళ్లంటుంది పట్టిక.
ఏటేటా కోసుకుంటూ వచ్చి
పదమూడేళ్ల కిందటే ఒక్క రూపాయి దగ్గర ఆపాం.
పూర్తిగా తుడిచేస్తే అదొకటి ఉందని
ఎవరికీ గుర్తుండదని ఆ రూపాయి.
వంక పొంగి ఆలూరు రోడ్డు తెగిన రాత్రి
కరెంటు లేని పద్నాలుగు గంటలు
ఆ రూపాయే తాలూకా అంతటినీ మాట్లాడించింది.

మా నాయన ఈ ఊళ్లోనే, పత్తి యార్డులో తూకం గుమాస్తా.
తేమకింత, గింజకింత, దుమ్ముకింత అని
ప్రతి బోరెం మీదా తరుగు తీసేవాడు.
రైతులు ఎదుట ఏమీ అనేవాళ్లు కాదు.
పోయేటప్పుడు మా వాకిట్లో ఉమ్మేసి పోయేవాళ్లు.
అమ్మ నీళ్లు చల్లేది.
ఆ పని నాకొద్దనే చదువుకున్నాను.
ఇప్పుడు నా బల్ల మీద అదే మాట,
వెనక చిన్న తోక తగిలించుకొని:
తరుగుదల.

అయిపోయిందనుకొని పెన్నుకు మూత పెడుతుంటే
"ఇంగొకటి ఉండాది" అని గోనెపట్టా లాగాడు.
డ్రమ్ము. నెంబరు లేదు. చిట్టాలో లేదు.
మరమ్మతుకు పోయిన లైన్‌మెన్లు తిరిగి తెచ్చిన తుంటలు,
బారెడు, మూరెడు, కొన్నయితే జానెడే,
ఇరవై రెండేళ్లుగా ఒకదానికొకటి అతికి చుట్టాడట.
"వెయ్యిన్నూట నలభై మీటర్లు. నిన్న మళ్లా కొలిస్తి."

తగ్గితే ఫారం ఉంది, సంజాయిషీ ఉంది, జీతంలో కోత ఉంది.
ఎక్కువైతే గడి లేదు.
ఈ తుంటలన్నీ ఆయా మరమ్మతుల ఖర్చు కింద ఏనాడో పోయినవే.
కొన్న తేదీ లేదు, ధర లేదు, అమ్మినవాడి పేరు లేదు.
"ఎందుకు దాచినావు?"
"పారెయ్యబుద్ధి కాలా మేడం."

అతుకు అతుక్కీ నల్లటేపు,
టేపు మీద తెల్ల పెయింటుతో తేదీ.
ఒకటి మా నాయన పోయిన వారంలోది.
ఆ వారం మా వీధి ఫోన్లన్నీ చచ్చిపడి ఉన్నాయి.
నందవరంలో మేనత్తకు
కబురు మూడోనాడు అందింది.
వేలితో తడిమి చూశాను. జానెడు కంటే కొంచెం ఎక్కువ.

తుక్కు కింద రాశాను. మీటర్లు కొట్టేసి, కిలోలు.

ఏప్రిల్లో వేలం.
తుక్కు షావుకారు డ్రమ్మును కాటా ఎక్కించి
"అతుకులున్నాయి, తరుగు తియ్యాల" అన్నాడు.
ఎంత అన్నాను.
"క్వింటాలుకు రెండు కిలోలు."
మా నాయన రేటే.
సంతకం పెట్టాను.

ఉరుకుందప్ప ఏమీ అనలేదు.
వాకిలి దాకా పోయి, ఉమ్మబోయి,
నన్ను చూసి, మింగాడు.