తరుగు

వంటింటి నేలచెక్కలు చీకిపోయాయని
ఏప్రిల్లో వడ్రంగి వావ్రినెత్స్ వచ్చాడు.
గునపంతో మొదటి చెక్క లేపి
అలాగే గొంతుక్కూర్చుండిపోయాడు.
"అమ్మాయ్, ఇలా రా" అన్నాడు,
యాభై రెండేళ్ల నన్ను.

చెక్క కింద, ఎలుకలు తవ్విన మట్టిలో,
పళ్లూడిన దువ్వెన పక్కన
పూసలు.
ఆవగింజంతవి, గసగసాలంతవి,
దోసిలి పట్టనన్ని.

యిజెరా కొండల కింద మా ఊళ్లో
అప్పట్లో ఏ వంటింట్లో చూసినా ఇదే పని.
సోమవారం శౌరెక్ గారి బండి.
సంచి తూచి ఇచ్చేవాడు.
శనివారం కంకణాలు తూచి తీసుకునేవాడు.
ఆ తూకానికీ ఈ తూకానికీ మధ్య తరుగు
అమ్మ కూలిలోంచి.

చెక్కగిన్నె నడుమ ఇరుసు.
ఎడంచేత్తో తిప్పితే పూసలు సుడి తిరిగేవి.
వంకర సూది మొన ఊరికే ముంచితే చాలు
చీమలబారులా వాటంతటవే ఎక్కేవి.
నిమిషానికో మూర.
ముడి మాత్రం అమ్మే వేయాలి,
పంటితో లాగి.
ఆమె ముందుపన్ను మీద దారం గీత ఇప్పటికీ ఉంది.

ఎవరి చేతికి వెళ్తాయని అడిగితే
"ఓడ ఎక్కుతాయి" అనేది, అంతే.
బతుకంతా పూసలు గుచ్చిన మనిషికి
పూసగుచ్చినట్టు చెప్పడం రాదు.
తన చేతికి ఏనాడూ ఏదీ వేసుకోలేదు.
సూదికి అడ్డమట.

ఒకసారి మా రాదిమ్ గిన్నె తన్నేశాడు.
నూట నలభై గ్రాములు.
తడివేలితో, కొవ్వొత్తితో, అర్ధరాత్రి దాకా
ముగ్గురం నేలంతా పాకాం.
దొరికినవి దొరికాయి.
ఆ వారం అమ్మ చక్కెర లేకుండా కాఫీ తాగింది,
"ఇలాగే బాగుంది" అంది.
ఆ మాటకు కట్టుబడి
నలభై ఏళ్లుగా అలాగే తాగుతోంది.

టీ వడగట్టే జల్లెట్లో కడిగి
పాత పత్రిక మీద ఆరబోశాను.
పైపొరలో కోడిగుడ్డు సొన రంగువి,
అవి గుచ్చిన ఏడు నాకు గుర్తే, పొంగు పోసింది.
దాని కింద సముద్రనీలం.
ఇంకా కింద నల్లవి, బొగ్గులా,
నేను పుట్టకముందువి,
ఏ దూరదేశంలో ఎవరి చావుకు కట్టుకోవాలనుకున్నారో.
ఇవన్నీ మావే కదా అనిపించింది.
ఎప్పుడో డబ్బు కట్టేశాం.

వరస లేకుండా, లెక్క లేకుండా
వేలికి ఏది తగిలితే అది గుచ్చాను.
శౌరెక్ గారు చూస్తే విసిరికొట్టేవాడు.

అమ్మకు ఎనభై ఒకటి.
కంకణం ఇస్తే పెట్టుకోలేదు.
కళ్లద్దాలు సర్దుకుని
గోటితో ఒక్కొక్క పూసే తడిమింది,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు.
"ఇది అంచు కోసుకునేది. ఇది కూడా.
ఈ నల్లది మీ నాయనమ్మది, నాకు తెలీదు.
ఇవి జారిపోయినవి కావే, నేను తోసినవి."

తోసిందట.
కాలి బొటనవేలితో, చెక్కల సందులోకి,
మేమంతా పుస్తకాల్లో తలలు దూర్చినప్పుడు.
వెనక్కిస్తే "గాజు బాగానే ఉంది,
నీ చేతులే బాగోలేవు" అనేవాడట శౌరెక్.
గుచ్చితే నెల తిరక్కుండా దారం కోసేస్తుంది.
"ఎవరో పిల్ల వేసుకుంటుంది కదా.
నడిబజార్లో తెగితే ఏరుకోవాలి పాపం."
అందుకని గ్రాముకింత చొప్పున
తన కూలితోనే ఆ చెడ్డ పూసలు కొనుక్కుని
నేలకిచ్చేసింది.
మరి రాదిమ్ తిన్న దెబ్బలో?
అది నేను అడగలేదు.

చెప్పినట్టే అయింది.
మూడో రోజు కాఫీ కప్పు అందుకుంటుంటే
నా మణికట్టు మీద దారం తెగింది.
వావ్రినెత్స్ వేసిన కొత్త నేల మీద
పూసలు జరజరా దొర్లి
గోడ దాకా వెళ్లి ఆగాయి.
ఒక్కటీ పోలేదు.

నేను చీపురు కోసం లేచాను.
అమ్మ కుర్చీలోంచే
మేజోడు విప్పిన కాలు చాపి
బొటనవేలితో నేలంతా తడుముతోంది,
సందు ఎక్కడుందా అని.