పిక్క

కాశీబుగ్గలో మా మందుల షాపు షట్టరు
సగమే ఎత్తాను. అప్పటికే మెట్టు మీద ఉంది
కొర్ల తవిటమ్మ.
కూచోలేదు, గొంతుక్కూచుంది
చీర మెట్టుకి తగలకుండా.

"ఆ బిళ్ళలియ్యమ్మా, రగతం ఆగీవి.
మొన్న మా బట్టీలో పైడమ్మకిచ్చినావు సూడు, అవే."

చేతిలో ఖాళీ రేకు.
దాని వెండి మీద ఆమె వేళ్ళ నలుపు,
సబ్బుకి పోని జీడిసొన నలుపు.
తీసి ఇస్తే అర నిమిషం పని.

పోయినేడు అలాగే అర నిమిషంలో ఇచ్చాను ఒకామెకి.
ఏమీ అడగలేదు.
వారం పోయాక వాళ్ళాయన వచ్చాడు,
ఎడంకాలు అరటిబోదెలా వాచిపోయిందని,
శ్రీకాకుళం తీసుకుపోతున్నామని.
బిళ్ళ వల్లో, మరి దేనివల్లో
నాకెవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

అందుకే ఈ పొద్దు
పెట్టెలోంచి మడత కాగితం తీశాను.
ఎనిమిది మడతలు. చీమతలకాయంత ఇంగ్లీషు.
కౌంటరు మీద పరిచి, మూలన దగ్గుమందు సీసా పెట్టి
మా అమ్మ మాటలోకి దింపుకుంటూ చదివాను.

ఇది కొత్తగా గడ్డ కట్టించేది కాదు తవిటమ్మా,
కట్టినదాన్ని కరిగిపోనివ్వదు.
గండిపడ్డ చోట గట్టు నిలబెట్టినట్టు.
అదే గట్టు
పారాల్సిన కాలవకి అడ్డంగా నిలబడిందనుకో...

"కిందన మడి ఎండిపోద్ది," అంది.

ఆ. అప్పుడు పిక్క వాస్తుంది, సలుపుతుంది, ఒక్క కాలికే.
"జీడిపిక్కా?"
ఇద్దరం నవ్వాం.
నవ్వడం అయ్యాక చెప్పాను:
పిక్క వాచినా, ఊపిరందకపోయినా, గుండెలో పోటొచ్చినా
ఇంకో బిళ్ళ వేసుకోకు, నా దగ్గరికీ రాకు.
నూటెనిమిదికి ఫోను చేయించు.

కడుపులో తిప్పుతుంది, తల నొస్తుంది, విరేచనాలవుతాయి,
అవి కొందరికి వస్తాయి, పోతాయి.
రంగులు తేడాగా కనబడితే మాత్రం
ఆపేసి డాక్టరు దగ్గరికెళ్ళాలి.

"తెల్లపప్పొకపక్క, మాడిందొకపక్క,
రంగు సూసి ఏరడమేనమ్మా నా కూలి.
రంగు తెలీపోతే నన్నెవులుంచుతారు?"

కాగితంలో దీనికి జవాబు లేదు.

పిల్లలు కలక్కుండా మాత్రలేమైనా మింగుతున్నావా?
"ఆపరేసనయ్యి పద్నాలుగేళ్ళు."
నెలకెన్ని రోజులు?
"తొమ్మిది. ఒకోపాలి పది."
గుడ్డలు?
"లెక్కెట్నేదు."
ఇది మూడు నాలుగు రోజుల మందు, పదిరోజులది కాదు,
అసలెందుకింత పోతోందో ముందు డాక్టరు చూడాలి,
అంటూండగా కనబడింది
ఆమె సంచిలోంచి తొంగిచూస్తున్న ఆసుపత్రి పుస్తకం.

"మా ఇంటాయనది. వారానికి రెండుపాల్లు
రగతం కడుగుతారు కదా, పలాసలో."

ఉద్దానం.
అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే కదా నేను?
కాగితంలో నాలుగో మడతలో ఉంది ఆ ముక్క:
కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి మోతాదు తగ్గించాలి,
మందు బయటికి పోదు, ఒంట్లోనే పేరుకుంటుంది.
ఎక్కడో అచ్చేసినవాడికి అది నాలుగో మడత.
ఇక్కడ అదే మొదటి పంక్తి.

మరి నువ్వు పరీక్ష చేయించుకున్నావా?
"నాకేటయ్యింది?"
ఒకే నుయ్యి, ఒకే ఎండ కదా మీ ఇద్దరిదీ.

మాట్లాడలేదు.
గోటితో గోటికింది నలుపు గీక్కుంది.

బిళ్ళలు అమ్మలేదు.
ప్యాడ్లు ఒక ప్యాకెట్టు ఇచ్చి అప్పు రాసుకున్నాను.
చీటీ మీద క్రియాటినిన్, రక్తం శాతం, కడుపు స్కానింగు
పెద్ద తెలుగక్షరాల్లో రాశాను.
చీటీతో పాటు మడత కాగితం కూడా అడిగింది.
"మా బట్టీలో ఓ గుంట ఇంటరు సదివింది. సదివించుకుంతాను."

ఎనిమిది మడతలూ మళ్ళీ పడలేదు ఆమెకి.
నాలుగోది పైకొచ్చేలా ఎలాగో మడిచి
రవికలో దోపుకుని లేచింది.

షట్టరు మొత్తం ఎత్తాను.
రోడ్డుకి అవతల మరో రెండు మందుల షాపులున్నాయి.
అవి తెరిచే వేళయింది.